అమెరికా యూనివర్సిటీకి ఫీజు పంపేటప్పుడు మంచి డాలర్ రేటు ఎలా రాబట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమ్మాయికి టెక్సాస్‌లో ఎం.ఎస్. సీటు వచ్చింది, మొదటి సెమిస్టర్‌కి 12,000 డాలర్లు కట్టాలి. గూగుల్‌లో డాలర్ 90 రూపాయలు చూపిస్తుంటే మీ బ్యాంకు 91.70 అంటోంది. ఒక ఆన్‌లైన్ సంస్థ ‘చార్జీలు సున్నా’ అంటోంది. అమెరికాలో ఉన్న బంధువు ఇంకో దారి చెప్తున్నారు. మా అబ్బాయి డాలస్‌లో చదివినంతకాలం ఖమ్మం నుంచి ఫీజులు పంపింది నేనే కాబట్టి, చేసి చూసిన సంగతులు చెప్తాను.

ముందుగా, గూగుల్‌లో కనిపించే రేటుకి మీకూ నాకూ ఎవరూ డాలర్లు అమ్మరు. పెద్ద బ్యాంకులు తమలో తాము కొనుక్కునే, అమ్ముకునే ధరలకు మధ్య రేటు అది. దాని మీద తన లాభం వేసుకొని బ్యాంకు మనకు అమ్ముతుంది. ఆ లాభం ఎంత అన్నదే చూడాల్సిన విషయం. మీ లెక్కే తీసుకోండి. డాలర్ మీద 1.70 తేడా అంటే 12,000 డాలర్లకు 20,400 రూపాయలు. ఈ మొత్తం రసీదులో ఎక్కడా విడిగా కనిపించదు. కనిపించేది వెయ్యో పదిహేను వందలో సర్వీస్ చార్జి మాత్రమే. చాలామంది ఆ వెయ్యి తగ్గించమని బతిమాలి, ఇరవై వేల సంగతి అడగకుండానే వచ్చేస్తారు. ‘చార్జీలు సున్నా’ అన్నవాళ్లు కూడా రేటులోనే తమది తీసుకుంటారు.

అందుకే ఎవరి దగ్గరికి వెళ్లినా నేను ఒక్కటే అడిగేవాణ్ణి: “యూనివర్సిటీ ఖాతాలో 12,000 డాలర్లు పూర్తిగా పడాలంటే, టీసీఎస్ కాకుండా, నా ఖాతాలోంచి మొత్తం ఎన్ని రూపాయలు పోతాయి?” టీసీఎస్ అంటే విదేశాలకు పంపే డబ్బు మీద బ్యాంకు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను, దాని సంగతి కింద చెప్తాను. రేటు, చార్జీ, జీఎస్టీ అన్నీ కలిపి ఒకే అంకె చెప్పించుకోండి. మూడు చోట్ల, ఒకే గంటలో అడగండి. పొద్దున ఒకరిని, సాయంత్రం ఒకరిని అడిగితే మధ్యలో రేటే మారిపోతుంది, ఆ పోలికకు అర్థం ఉండదు.

ఇక బ్యాంకు చెప్పిన 91.70 సంగతి. అది కార్డ్ రేటు అయ్యుంటుంది, అంటే బ్యాంకు ఆ రోజుకు అన్ని బ్రాంచీలకు పంపే పట్టికలోని రేటు. స్టేట్ బ్యాంక్ తన పట్టికను రోజూ వెబ్‌సైట్‌లో పెడుతుంది, ఇంట్లోంచే చూసుకోవచ్చు. అందులో చాలా గడులుంటాయి. మన ఫీజుకు వర్తించేది ‘టీటీ సెల్లింగ్’, అంటే ఖాతా నుంచి ఖాతాకు పంపే డాలర్లను బ్యాంకు మనకు అమ్మే రేటు. కరెన్సీ నోట్లు అమ్మే గడిలో రేటు ఇంకా ఎక్కువ ఉంటుంది. ఫారెక్స్ (విదేశీ కరెన్సీ) పని అరుదుగా చేసే బ్రాంచిలో ఏ గడి చూసి చెప్తున్నారో ఒకసారి అడగడం మంచిది.

అసలు కీలకం ఇక్కడుంది. ఈ కార్డ్ రేటు రాతి మీద గీత కాదు. వేల డాలర్ల మొత్తమైతే బ్యాంకు ట్రెజరీ వాళ్లు, అంటే బ్యాంకు తరఫున డాలర్లు కొని అమ్మే విభాగం వాళ్లు, ఆ నిమిషానికి మార్కెట్‌ని బట్టి విడిగా రేటు ఇవ్వగలరు. మనం అడగకపోతే బ్రాంచిలో ఎవరూ తమంతట తాము చెప్పరు. “కార్డ్ రేటు వద్దండీ, ట్రెజరీ నుంచి డీల్ రేటు తెప్పించండి” అని మర్యాదగా, గట్టిగా అడగండి. ఇంకో చోట ఇచ్చిన కొటేషన్ చేతిలో ఉంటే మేనేజర్‌కీ పైవాళ్లతో మాట్లాడటం సులువవుతుంది. మాకు ఇలా అడిగినప్పుడు గూగుల్ రేటు మీద అర్ధ రూపాయి నుంచి ముప్పావలా తేడాతో వచ్చేది. మీకు 90.60కి వచ్చినా 91.70తో పోలిస్తే 13,200 రూపాయలు మిగులుతాయి. అమ్మాయికి అక్కడ నెల సరుకుల ఖర్చు అది.

డీల్ రేటు కొద్ది నిమిషాలే నిలుస్తుంది. ఫోన్ పెట్టేలోపు ‘సరే’ అనాలి. కాబట్టి డబ్బు ముందే సేవింగ్స్ ఖాతాలో ఉండాలి, ఎఫ్‌డీ ఆ రోజు తెంపుకుందాంలే అనుకోవద్దు. విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో ఇచ్చే ఏ2 ఫారం నింపి, పాన్, పాస్‌పోర్ట్, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), ఫీజు ఇన్వాయిస్ కాపీలు జతచేసి ముందురోజే చూపించుకోండి. పని రోజుల్లో మధ్యాహ్నం లోపు వెళ్లండి. శని, ఆదివారాల్లో మార్కెట్ ఉండదు, అప్పుడు రేటిచ్చే ఆన్‌లైన్ వాళ్లు సోమవారం ఎలా ఉంటుందోనని కాస్త ఎక్కువే వేసుకుంటారు.

యూనివర్సిటీ పోర్టల్‌లో ఫ్లైవైర్ లాంటి ఫీజు చెల్లింపు సంస్థ దారి ఉంటే అదీ చూడండి. రూపాయల్లో ఎంతో చూపిస్తారు, ఆ మొత్తం కడితే విద్యార్థి పేరు మీద ఫీజు జమవుతుంది. కొన్నిసార్లు బ్యాంకు కంటే చవక, కొన్నిసార్లు కాదు. పోల్చి చూడటమే దారి. క్రెడిట్ కార్డు జోలికి మాత్రం వెళ్లవద్దు. కార్డు కంపెనీ మార్కప్, యూనివర్సిటీ సర్‌చార్జి రెండూ పడతాయి.

బ్యాంకు ద్వారా పంపితే ఫారంలో ‘అవర్’, ‘షా’, ‘బెన్’ అని మూడు గడులుంటాయి. దారిలో ఉండే విదేశీ బ్యాంకు చార్జీ ఎవరు భరించాలన్నది అది. ‘అవర్’ అంటే మనమే భరిస్తాం, డబ్బు సాధారణంగా పూర్తిగా చేరుతుంది. ‘షా’ అంటే చార్జీలు ఇద్దరూ పంచుకోవడం, ‘బెన్’ అంటే అందుకునేవాళ్లే భరించడం. మొదటి సెమిస్టర్‌కి బ్రాంచి వాళ్లు ‘షా’ అని టైప్ చేశారు. మధ్యలో పాతిక డాలర్లు కోతపడి, ఫీజు బాకీ ఉందని మా వాడి రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పెట్టారు. పాతిక డాలర్ల కోసం పిల్లవాడు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. సంతకం పెట్టే ముందు ఆ గడి మీరే చూసుకోండి. స్టూడెంట్ ఐడీ నంబరు వివరాల గడిలో తప్పకుండా రాయించండి. పంపాక, డబ్బు వెళ్లినట్టు చూపే స్విఫ్ట్ మెసేజ్ కాపీ (ఎంటీ103 అన్నది దాని పాత పేరు) అడిగి తీసుకోండి. డబ్బు ఎక్కడో ఆగితే యూనివర్సిటీ మొదట అడిగేది అదే.

జీఎస్టీ గురించి కంగారు అక్కర్లేదు. 18 శాతం అంటే మొత్తం మీద కాదు, నిబంధనల్లో చెప్పిన చిన్న విలువ మీదే. మీ పదకొండు లక్షలకు సుమారు వెయ్యి రూపాయలవుతుంది.

టీసీఎస్‌కి మాత్రం ముందే ప్లాన్ చేసుకోవాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక పాన్ మీద ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల వరకు టీసీఎస్ లేదు. ఆ పైన పంపే మొత్తం మీదే పడుతుంది. 2025-26లో చదువుకి 5 శాతం, ఇంకే పనికైనా సాధారణంగా 20 శాతం. బడ్జెట్లలో ఇవి మారుతుంటాయి కాబట్టి మీరు పంపే ఏడాది రేటు చూసుకోండి. గుర్తింపు ఉన్న సంస్థలో తీసుకున్న విద్యారుణం నుంచి పంపితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ అసలే లేదు. ఆగస్టు ఫీజు, జనవరి ఫీజు రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలోకి వస్తాయని గుర్తుంచుకోండి. మీ శ్రీమతిగారికి సొంత ఆదాయం, పొదుపు ఉంటే ఒక ఫీజు ఆవిడ ఖాతా నుంచి పంపవచ్చు. ఆవిడ పాన్ మీద 10 లక్షలు వేరుగా లెక్కిస్తారు. కట్టిన టీసీఎస్ పోయిన డబ్బు కాదు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ కింద కనిపిస్తుంది, రిటర్న్‌లో సర్దుకోవచ్చు. జీతగాళ్లయితే ఆఫీసులో ఆ వివరాల ఫారం ఇచ్చి నెలనెలా కోసే పన్నులోనే తగ్గించుకోవచ్చు.

ఇక్కడే ఇంకో మాట. ఏ2 ఫారంలో డబ్బు దేనికి పంపుతున్నామో చెప్పే పర్పస్ కోడ్ ఎస్0305, అంటే విదేశీ చదువు, అని ఉండాలి. అమ్మాయి అద్దెకీ, తిండికీ పంపేటప్పుడు కొందరు క్లర్కులు అలవాటుగా ఎస్1301, కుటుంబ పోషణ, అని వేస్తారు. అప్పుడు పది లక్షలు దాటిన దానికి 20 శాతం పడుతుంది. చదువు కోసం అక్కడ అయ్యే రోజువారీ ఖర్చులూ చదువు కిందకే వస్తాయని ఆదాయపు పన్ను శాఖ 2023 జూన్‌లోనే స్పష్టం చేసింది.

ఇప్పుడు మీ బంధువు సలహా. “ఫీజు డాలర్లలో నేను కట్టేస్తాను, ఆ రూపాయలు ఊళ్లో మా నాన్నకి ఇచ్చేయండి” అన్నారని రాశారు. వాళ్లది మంచి మనసే, మన ఊళ్లలో ఇది మామూలైపోయింది కూడా. కానీ దయచేసి ఒప్పుకోవద్దు. బ్యాంకు ద్వారా కాకుండా ఇలా ఇక్కడ రూపాయలకు అక్కడ డాలర్లు సర్దుకోవడం ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ) చట్టానికి విరుద్ధం. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు ఉండవచ్చు. చట్టప్రకారమే మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపుకునే వీలుంది. అంత వీలు ఉండగా పిల్లల చదువు డబ్బుని ఆ దారిలో పెట్టాల్సిన పనేముంది? వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ముక్కూమొహం తెలియని వాళ్లతో ఇలా మార్చుకోబోయే పిల్లలకు మీరైనా గట్టిగా చెప్పండి.

రేటు తగ్గేదాకా ఆగాలా అని చివర్లో అడిగారు. 2022 జూలైలో తొలిసారి 80 తాకిన డాలర్, 2025 డిసెంబరులో 90 దాటింది. తగ్గుతుందని ఎదురుచూసే తండ్రులకు ఈ మధ్యకాలం పెద్దగా కలిసిరాలేదు. అలాగని రేపు తగ్గదని కూడా ఎవరూ చెప్పలేరు. నేనైతే గడువుకు రెండు మూడు వారాల ముందు సగం, తర్వాత సగం పంపేవాణ్ణి, యూనివర్సిటీ వాయిదాలకు ఒప్పుకుంటే. కాకపోతే చార్జీలు రెండుసార్లు పడతాయి, ఆ లెక్కా చూసుకోండి. గడువుకు కనీసం ఐదారు పనిరోజులు మిగిలేలా పంపండి.

మీ బ్రాంచిలో ఫారెక్స్ పని చేయరంటే, జిల్లా కేంద్రంలో చేసే బ్రాంచి ఏదో ఈ వారమే కనుక్కోండి. మా ఫైలు హైదరాబాద్ వెళ్లి రావాల్సి వచ్చేది, అక్కడే రెండు రోజులు పోయేవి. ఆన్‌లైన్ సంస్థ ఇచ్చిన కొటేషన్ వివరాలు ఇక్కడ రాస్తే, లెక్క వేసి చెప్తాను.