మీ ప్రశ్న – మా జవాబు: ఆఫీసు షూ, రోజూ నడక

ప్రశ్న: మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగుతాను. అక్కడి నుంచి ఆఫీసుకు కిలోమీటరున్నర నడక. మొత్తం మీద రోజుకు ఆరేడు కిలోమీటర్లు నడుస్తాను. ఆఫీసులో ఫార్మల్ షూ తప్పనిసరి. నా నంబరు 8. చిటికెనవేలు నొక్కుకుపోతోందని ఈసారి 9 కొన్నాను. వేలు నొప్పి తగ్గలేదు సరికదా, మడమ జారి బొబ్బలు లేస్తున్నాయి. జెల్ ప్యాడ్ వేస్తే ఇంకా బిగుసుకుపోయింది. ఏం కొనమంటారు?
– పి.ఆర్., హైదరాబాద్

జవాబు: మీ కాలికి తక్కువైంది పొడవు కాదు, వెడల్పు. మన దేశంలో వాడేది బ్రిటిష్ నంబర్ల లెక్క. అందులో ఒక నంబరు పెరిగితే పొడవు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, వేళ్ల దగ్గర వెడల్పు మాత్రం సుమారు రెండు మిల్లీమీటర్లే. అందుకే 9లోనూ చిటికెనవేలికి చోటు దొరకలేదు. పైగా షూ వంగాల్సిన చోటు మీ వేళ్ల మడత కంటే ముందుకు జరిగిపోయింది. అడుగు లేపినప్పుడు పాదం ఒక చోట, షూ ఇంకో చోట వంగుతాయి. ఆ తేడాకే మడమ బయటికి జారుతుంది, ఆ రాపిడికే బొబ్బ లేస్తుంది. ఇక జెల్ ప్యాడ్ పాదాన్ని మూడు నాలుగు మిల్లీమీటర్లు పైకి లేపుతుంది. అసలే చాలని చోటు దానితో ఇంకా తగ్గిపోయింది.

చిన్నప్పటి నుంచీ చెప్పులతో పెరిగిన కాళ్లకు వేళ్ల దగ్గర వెడల్పుగా, మడమ దగ్గర సన్నగా ఉండడం మామూలే. కాబట్టి కొనే ముందు ఇంట్లో కొలత తీసుకోండి. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు తీయాలి. గోడకు ఆనించి నేల మీద తెల్ల కాగితం పరిచి, మడమ గోడకు తగిలేలా, బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడండి. పెన్సిలు నిట్టనిలువుగా పట్టుకుని పాదం చుట్టూ ఇంకొకరి చేత గీయించుకోండి. మీరే వంగి గీస్తే బరువు మారి కొలత తప్పుతుంది. గోడ నుంచి అన్నిటికంటే పొడవైన వేలి దాకా పొడవు. కొందరికి బొటనవేలి కంటే పక్కవేలు పొడవు, అప్పుడు దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ఎముక నుంచి చిటికెనవేలి మొదటి దాకా వెడల్పు. రెండు కాళ్లూ కొలవండి, సాధారణంగా ఒకటి కొంచెం పెద్దగా ఉంటుంది. పెద్దదాని కొలతకే కొనాలి.

ఆ బొమ్మను కత్తిరించి షాపుకు తీసుకెళ్లండి. షూను తలకిందులు చేసి సోల్ మీద పెట్టి చూడండి. కాగితం వేళ్ల దగ్గర సోల్ అంచు దాటి బయటికి వస్తే ఆ జత మీది కాదు, ఎంత నచ్చినా పక్కన పెట్టేయండి. కొన్ని కంపెనీలు బాక్సు మీద నంబరు పక్కన వెడల్పును సూచించే అక్షరం వేస్తాయి. ఒకే కంపెనీలో జి కంటే హెచ్, ఇ కంటే ఇఇఇ వెడల్పు. అడిగితే గోదాములోంచి తెచ్చి ఇస్తారు, అడగకపోతే మామూలుది చేతిలో పెడతారు.

తర్వాత చూడాల్సింది లేసుల దగ్గర. లేసు రంధ్రాలున్న రెండు రెక్కలు అడుగున విడిగా ఉండి, విప్పితే బాగా తెరుచుకునే రకాన్ని డెర్బీ అంటారు. ఆ రెక్కలు అడుగున ముందు తోలు కిందికి వెళ్లి కుట్టేసి ఉంటే ఆక్స్‌ఫర్డ్. ఎక్కువ నడిచేవాళ్లకు మా సలహా డెర్బీయే. సాయంత్రం పాదం ఉబ్బితే రెండు లేసులు వదులు చేసుకోవచ్చు. లేసుల్లేని స్లిప్‌ఆన్ పాదాన్ని వెనక్కి పట్టి ఉంచలేదు. జారకుండా ఉండాలంటే అది బిగుతుగానే ఉండాలి, లేదంటే నడిచేటప్పుడు వేళ్లు ముడుచుకుని పట్టుకోవాలి. ఆరు కిలోమీటర్లు అలా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి.

షూ చేతిలోకి తీసుకుని మూడు పనులు చేయండి. ముందు, వెనక పట్టుకుని వంచండి: వేళ్ల మడత దగ్గర వంగాలి, నడిమధ్యలో వంగకూడదు. బట్ట పిండినట్టు మెలితిప్పండి: కొంచెమే తిరగాలి. అరికాలి వంపు కింద షాంక్ అనే ఇనుప పట్టీయో గట్టి ప్లాస్టిక్ పట్టీయో ఉంటేనే ఇలా నిలబడుతుంది. మడమ వెనక భాగాన్ని బొటనవేలితో నొక్కండి: అణిగిపోకుండా గట్టిగా ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా, లోపల ఎంత మెత్తటి అట్ట ఉన్నా ఆ షూ నడకకు పనికిరాదు. షాపులో చాలామంది లోపలి అట్టను వేలితో నొక్కి చూసి మెత్తగా ఉంటే తీసుకుంటారు. మెమరీ ఫోమ్ అనే ఆ నురుగు అట్ట నిలబడిన రెండు నిమిషాలు హాయిగానే ఉంటుంది. బరువు పడేకొద్దీ అణిగి పలచబడుతుంది. సుఖం మొదట ఆకారంలో ఉంది, మెత్తదనం ఆ తర్వాతి మాట.

వేసుకున్నాక మడమను వెనక్కి తట్టి, లేసులు కింది నుంచి పైకి బిగించి నిలబడండి. పొడవైన వేలికి ముందు 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ, అంటే అడ్డంగా పెట్టిన చూపుడువేలు పట్టేంత, తెలియాలి. మొన తేలిన షూలో ఆ ఖాళీ మోసం చేస్తుంది. వేళ్లు దూరలేని మొనను కూడా ఖాళీ అనుకుంటాం. కాబట్టి ముందు భాగం గుండ్రంగా ఉన్నవే చూడండి. కొత్త తోలు షూలో మడమ మూడు, నాలుగు మిల్లీమీటర్లు లేస్తే కంగారు పడనక్కర్లేదు, సోల్ వంగడం అలవాటయ్యాక తగ్గుతుంది. తోలు వెడల్పులో కాస్త సాగుతుంది, పొడవులో సాగదు. రెక్సిన్ రెండింట్లోనూ సాగదు. లేసుల కింద ఉండే నాలుక అంచు చూస్తే తేడా తెలిసిపోతుంది: తోలైతే పీచులాంటి అంచు, రెక్సిన్ అయితే వెనక బట్ట.

ఇప్పుడున్న 9 నంబరు జతను వెంటనే పారేయకండి. జెల్ ప్యాడ్ తీసేసి, నాలుక లోపలి వైపు పలచని ఫెల్ట్ ప్యాడ్ అతికించండి. పాదాన్ని అది వెనక్కి నెడుతుంది కాబట్టి మడమ జారడం చాలావరకు తగ్గుతుంది. తోలు షూ అయితే చిటికెనవేలి దగ్గర స్ట్రెచర్ (షూను లోపలి నుంచి సాగదీసే అచ్చు) పెట్టి రెండు రోజులు ఉంచమని చెప్పులు కుట్టేవాళ్లను అడగండి, అంత మేరకు చోటు వస్తుంది.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. రోజుకు నాలుగైదు గంటలు నిలబడతాను, బస్టాండు నుంచి నడక వేరే. చీరలోకి బాగుంటాయని ఫ్లాట్ బెల్లీలు వాడుతున్నాను. నెల నుంచీ పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమ కింద సూది గుచ్చినట్టు నొప్పి. నాలుగడుగులు నడిచాక తగ్గుతుంది. హీల్స్ వేసుకోకపోయినా ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పొర ఉంటుంది. అది మడమ ఎముకను పట్టుకున్నచోట దెబ్బతింటే మీరు చెప్పినట్టే, నిద్ర లేచాక మొదటి అడుగులో నొప్పి ఎక్కువగా ఉంటుంది. బెల్లీలకు సోల్ పలచన, వంపు దగ్గర ఆసరా లేదు, మడమను పట్టేది లేదు. సిమెంటు నేల మీద గంటల తరబడి నిలబడితే ఆ దెబ్బంతా అరికాలే తినాలి. మరీ చదును కూడా ఎత్తు హీల్ అంత ఇబ్బందే అని చాలామందికి తెలియదు.

మీకు కావలసింది రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల ఎత్తున్న వెడల్పాటి మడమ, ముందు కనీసం ఒక సెంటీమీటరు మందం సోల్, చీలమండ చుట్టూగానీ మడమ వెనకగానీ పట్టీ ఉన్న చెప్పు. నల్లదో ముదురు గోధుమరంగుదో అయితే నేత చీరలన్నిటికీ నప్పుతుంది. వేళ్ల మీది పట్టీ సాగేది కాకుండా బకిల్ ఉన్నదైతే మంచిది. మడమ ఎత్తు గురించి ఒక మాట: కాలేజీకి ఒక చెప్పు, బస్సుకు ఇంకో ఫ్లాట్ చెప్పు అని మార్చుకుంటే, ఎత్తు మడమకు సరిపెట్టి దోపిన కుచ్చిళ్లు చదును చెప్పులో కాళ్ల కింద పడతాయి. బస్సు మెట్ల మీద అది ప్రమాదం. రెండింటికీ ఒకే ఎత్తు ఉండేలా చూసుకోండి.

ఇంట్లో టైల్స్ మీద, గ్రానైట్ మీద వట్టికాళ్లతో తిరగడం కొన్నాళ్లు మానండి, మెత్తటి ఇంటి చెప్పులు వాడండి. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించి పిక్క సాగదీయండి: ఒక్కో కాలికి ముప్పై సెకన్లు, మూడుసార్లు, పొద్దునా సాయంత్రమూ. నీళ్ల సీసాను గడ్డకట్టించి, పలచని గుడ్డ చుట్టి, అరికాలి కింద అయిదు నిమిషాలు దొర్లించండి. నెలన్నరకీ తగ్గకపోయినా, వాపు గానీ రాత్రి పడుకున్నప్పుడు నొప్పి గానీ ఉన్నా, ఎముకల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: ఇంటర్వ్యూకని నాలుగేళ్ల క్రితం కొన్న షూ రెండు మూడుసార్లే వేసుకుని, పెట్టెలో పెట్టాను. మొన్న వేసుకుని బయల్దేరితే దారిలోనే సోల్ పిండి పిండిగా రాలిపోయింది. వాడనిది ఎలా పాడైంది?
– ఎస్.కె., విశాఖపట్నం

జవాబు: అది పాలీయురిథేన్ సోల్, షాపుల్లో పీయూ అంటారు. తేలికగా, నడకకు హాయిగా ఉంటుంది. కానీ గాలిలోని తేమ తగిలి ఆ పదార్థం లోపలి నుంచే విడిపోతుంది. వాడినా వాడకపోయినా ఈ మార్పు ఆగదు. సముద్రం పక్క ఊళ్లలో, అందులోనూ ప్లాస్టిక్ కవర్లో బిగించి అటక మీద పెడితే ఇంకా త్వరగా జరుగుతుంది. రాలడం మొదలయ్యాక ఏ గమ్మూ పట్టదు, ఎందుకంటే అతకాల్సిన పదార్థమే బలం పోయింది. పైన తోలు బాగుంటే పాత సోల్ మొత్తం తీయించి టీపీఆర్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) గానీ మామూలు రబ్బరు గానీ కొత్త సోల్ వేయించుకోండి.

రోజూ వాడే జతకు పీయూ మంచిదే, ఎందుకంటే తేమ పని మొదలుపెట్టేలోపే అరిగిపోతుంది. ఎప్పుడో ఒకసారి వేసుకునే జతకు టీపీఆర్ లేదా రబ్బరు సోల్ అడగండి. కొంచెం బరువు, కానీ ఇలా రాలిపోదు. చాలా షూలకు అడుగునే ఆ అక్షరాలు అచ్చువేసి ఉంటాయి. పీయూ షూ దాచాల్సి వస్తే గుడ్డ సంచిలో, గాలి ఆడే చోట పెట్టి, నెలకోసారైనా ఇంట్లో వేసుకుని తిరగండి. ముఖ్యమైన రోజుకు వారం ముందే తీసి వంచి చూడండి. సోల్ పక్క అంచున సన్నటి పగుళ్లు కనిపిస్తే దాన్ని నమ్ముకుని బయల్దేరకండి.

ప్రశ్న: నల్ల వాకింగ్ షూ వేసుకుంటే ఆఫీసులో ఒప్పుకుంటారా?
– డి.ఎల్., కరీంనగర్

జవాబు: మీ ఆఫీసు నియమం మీరే అడగాలి. చూపుకు ఫార్మల్‌గా ఉండాలంటే మాత్రం పై భాగం జాలీ బట్ట కాకుండా నున్నటి తోలు కావాలి. సోల్ అంచుతో సహా అంతా ఒకే నలుపు, పక్కన గుర్తులూ తెల్ల గీతలూ లేకుండా, లేసులు సన్నగా ఉండాలి. ప్యాంటు అంచు షూ మీద ఆనేలా ఉంటే లావాటి సోల్ కూడా కంటికి ఆనదు.

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి షూ కొని పంపుతానంటోంది. ఇక్కడ నేను 6 వేసుకుంటాను. అక్కడ ఏ నంబరు చెప్పాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మన నంబరు మీద అమెరికాలో ఆడవాళ్లకు సుమారు రెండు, మగవాళ్లకు ఒకటి ఎక్కువ. మీది అక్కడ 8 అవుతుంది. కంపెనీని బట్టి అర నంబరు అటూ ఇటూ అవుతుంది కాబట్టి నంబరుతో సరిపెట్టకుండా, పైన చెప్పినట్టు పాదం గీసి, పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో రాసి ఫొటో తీసి పంపండి. దూరం నుంచి వచ్చేదాన్ని వెనక్కి పంపడం కష్టం.

ప్రశ్న: నాకు యాభై నాలుగేళ్లు, షుగరు పన్నెండేళ్లుగా ఉంది. అరికాళ్లు తిమ్మిరిగా ఉంటాయి. ఫీల్డు ఉద్యోగం, షూ తప్పదు.
– వి.ఎన్., అనంతపురం

జవాబు: స్పర్శ తగ్గిన కాలు షూ కరుస్తోందని చెప్పదు. ‘సుఖంగానే ఉంది’ అన్న మీ అనుభూతిని నమ్మకుండా కొలతనూ కళ్లనూ నమ్మండి. డాక్టరు చేత ఏడాదికి ఒకసారైనా పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. వాళ్లు ఎంసీఆర్ చెప్పులు గానీ లోతెక్కువ ఉన్న షూ గానీ రాసిస్తే అవే వాడండి. ఎంసీఆర్ అంటే మెత్తటి రబ్బరు అట్ట, ఒత్తిడిని అరికాలంతా పరుస్తుంది.

షూ వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడమండి. చిన్న రాయి, లేచిన మేకు, మడత పడ్డ అట్ట, ఏదున్నా మీ కాలికి తెలియదు, చేతికి తెలుస్తుంది. సాక్సు లేత రంగువి, వేళ్ల దగ్గర లావాటి కుట్టు లేనివి వాడండి. రక్తం మరక పడితే కనపడాలి. కొత్త షూ మొదటి రోజు అరగంటే వేసుకుని, విప్పి పాదం చూసుకోండి. ఎర్రబడిన చోటు ఇరవై నిమిషాలకీ మామూలు రంగుకు రాకపోతే ఆ షూ వద్దు. ఆనెకాయలకు మందు షాపులో దొరికే ప్లాస్టర్లు మీరు వాడకూడదు, అందులోని యాసిడ్ మంచి చర్మాన్నీ కాలుస్తుంది. బ్లేడుతో కోసుకోవడమూ అంతే. గుడి ప్రదక్షిణలు ఎండెక్కక ముందే ముగించండి. కాలిన రాతి మీద బొబ్బ లేచినా ఇంటికొచ్చేదాకా తెలియకపోవచ్చు.

ప్రశ్న: వానాకాలంలో షూ తడిసి వాసన వస్తోంది. ఎండలో పెడితే గట్టిపడి పగిలింది.
– జి.టి., ఖమ్మం

జవాబు: లోపలి అట్ట ఊడి వచ్చేదైతే తీసి విడిగా ఆరబెట్టండి. షూలో వార్తాపత్రికల ఉండలు కుక్కి, గంట గంటకూ మార్చుతూ, ఫ్యాను గాలికి పక్కకు పడుకోబెట్టండి. నిలబెడితే సోల్ ఆరదు. పొయ్యి దగ్గర, హెయిర్ డ్రయర్‌తో వద్దు. తోలులోని నూనె పోయి పెళుసెక్కుతుంది. పూర్తిగా ఆరాక పాలిష్ కంటే ముందు షూ క్రీము పలచగా పట్టించండి.

వాసన తడి చెమటలో పెరిగే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఒకే జత రోజూ వేస్తే లోపల ఆరే వ్యవధి ఉండదు, కనీసం ఒక రోజు విడిచి వేసుకునేలా రెండు జతలు ఉంచుకోండి. అవి ఎక్కువ కాలం మన్నుతాయి కూడా. అచ్చమైన కాటన్ సాక్సు తడిని పట్టి ఉంచుతుంది, నైలాన్ కలిసినది త్వరగా ఆరుతుంది. రాత్రి రెండు చెంచాల వంట సోడా గుడ్డలో మూటకట్టి ఒక్కో షూలో పెట్టండి. వేళ్ల సందుల్లో దురద, తెల్లగా పాచిపోయిన చర్మం కనిపిస్తే అది ఫంగస్, చర్మ డాక్టరు మందు రాస్తారు. గట్టి వాన రోజుల్లో వెనక పట్టీ ఉన్న ఫ్లోటర్లలో నడిచి వెళ్లి, ఆఫీసులో కాళ్లు తుడుచుకుని షూ వేసుకోవడమే మేలు.