బి.ప్లానింగ్‌లో చేరనా? నాన్న వద్దంటున్నారు

ప్రశ్న: మాది గుంటూరు. ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. నాకు బి.ప్లానింగ్, అంటే ఊళ్లు, నగరాలు ఎలా పెరగాలో ప్లాన్ చేసే డిగ్రీ, చదవాలని ఉంది మేడమ్, కానీ నాన్న "అది ఆర్కిటెక్చర్‌లో సీటు రానివాళ్లు చేరేది, సీఎస్‌ఈ తీసుకో" అంటున్నారు. పైగా నాకు బొమ్మలు వేయడం రాదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు బొమ్మల భయం వదిలెయ్ తల్లీ. జేఈఈ మెయిన్‌లో డ్రాయింగ్ ఉండేది బి.ఆర్క్ వాళ్లు రాసే 2ఏ పేపర్లో. నువ్వు రాయాల్సింది 2బీ, అందులో లెక్కలు, ఆప్టిట్యూడ్, ప్లానింగ్ ప్రశ్నలే ఉంటాయి. కోర్సు నాలుగేళ్లు. కేంద్ర ప్రభుత్వ ప్లానింగ్ స్కూళ్లు దేశం మొత్తమ్మీద మూడే, ఢిల్లీ, భోపాల్, ఇంకోటి 2008లో వచ్చిన మన విజయవాడది. ఇంటి పక్కనే ఉన్నదాన్ని మనవాళ్లే చిన్నచూపు చూస్తుంటే నాకు బాధేస్తుంది.

ఆర్కిటెక్టు ఒక ఇల్లు చూస్తాడు. మనం ప్లానర్లం ఆ ఇంటి ముందు రోడ్డు ఎంత వెడల్పుండాలి, వాన నీళ్లు ఎటు పోవాలి, బడి ఎంత దూరంలో ఉండాలి, ఇవన్నీ చూస్తాం. మొదట్లో చేసేదంతా నడకే. వీధి వీధీ తిరిగి ఇళ్లకు పసుపు, దుకాణాలకు నీలం, ఫ్యాక్టరీలకు ఊదా రంగు వేసుకుంటూ మ్యాపు తయారు చేస్తారు, ఎండలో నిలబడి సెంటర్లో బళ్లు లెక్కపెడతారు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగింది కదా. నీళ్లు తీశాక టేపు పట్టుకుని అక్కడ తిరిగాను. ఒక ఇంట్లో గోడ మీద బురద గీత స్విచ్‌బోర్డు పైదాకా ఉంది. ఆ ఇంటి మామ్మగారు గీత మీద చెయ్యి పెట్టి, "ఇక్కడిదాకా వచ్చిందమ్మా, బియ్యం డబ్బా తేలిపోయింది" అన్నారు. బుడమేరు కొల్లేరుకు పోయే వాగు, దాని దారికి అడ్డంగా మనం ఊరు పెంచుకుంటూ పోతే చివరికి కొంప కొల్లేరవుతుంది. ఆ గీత ఎత్తు రాసుకుని, ఎక్కడ ఇల్లు కట్టొచ్చు, ఎక్కడ కట్టకూడదు అని ముందే చెప్పగలగడమే ఈ చదువు. అమరావతి చూడు, ల్యాండ్ పూలింగ్‌లో రాజధానికి పొలం ఇచ్చిన రైతుకు తిరిగి వచ్చే ప్లాటు ఏ రోడ్డు మీద పడుతుందో, దాని మురుగు ఎటు పోతుందో ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి కదా!

ఉద్యోగాల సంగతి దాచను. సాఫ్ట్‌వేర్‌లో లాగా మొదటి జీతమే పెద్దగా రాదు, టౌన్ ప్లానింగ్ పోస్టులకు ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ ఏటా పడదు. ఈలోపు కన్సల్టెన్సీల్లో పని దొరుకుతుంది, కంప్యూటర్లో మ్యాపులు చేసే జీఐఎస్ గట్టిగా నేర్చుకుంటే ఇంకా తొందరగా దొరుకుతుంది. నాన్నగారికి ఇది కూడా ఉన్నదున్నట్టు చెప్పు, తర్వాత ఒక ఆదివారం ఆయన్నే వెంటబెట్టుకుని మీ పేటలో డ్రైనేజీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతోందో చూసి రా.

ప్రశ్న: బీటెక్ సివిల్ చేశాను, విజయవాడ. ఇప్పుడు ప్లానింగ్‌లోకి రావచ్చా?

జవాబు: నిక్షేపంగా రావచ్చు బాబూ. ఎం.ప్లానింగ్ రెండేళ్లు, గేట్ రాయండి. సివిల్ వాళ్లకే కాదు, జాగ్రఫీ, ఎకనామిక్స్, సోషియాలజీల్లో పీజీ చేసినవాళ్లకూ అర్హత ఉంది. రోడ్లు ఇష్టమైతే ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ తీసుకోండి, మీ సివిల్ లెక్కలు అందులో బాగా పనికొస్తాయి.