హెర్బల్ టీని తేనీరు అనవచ్చునా?

సందేహం: ఒకే కంపెనీ టీ బ్యాగుల పెట్టెల మీద గ్రీన్ టీ, లెమన్ టీ, కామొమైల్ టీ, హైబిస్కస్ టీ అని రాసి ఉంటున్నది. కొన్నింటిలో తేయాకే లేదని లోపలి పదార్థాల పట్టిక చెబుతున్నది. అటువంటి వాటిని ‘తేనీరు’ అనవచ్చునా, ‘కషాయం’ అనాలా? కామొమైల్‌ను చామంతి అనీ, హైబిస్కస్‌ను మందారం అనీ, ఫ్లేవర్డ్ టీని ‘రుచిగల టీ’ అనీ రాయడం సరైనదేనా?

సమాధానం: తేయాకు లేనిదానిని తేనీరు అనకపోవడమే మంచిది. ఈ మాటలోని ‘తే’కు తేనెతో సంబంధం లేదు. అది చైనా ఆగ్నేయ తీరపు భాషలో ఆ మొక్కకున్న పేరు. దానికి ‘ఆకు’ చేరి, నడుమ యడాగమం వచ్చి ‘తేయాకు’ అయింది. ‘నీరు’ చేరి ‘తేనీరు’ అయింది. కనుక కెమీలియా సైనెన్సిస్ అనే ఒక్క మొక్క ఆకుతో చేసిన పానీయానికే ఆ పేరు చెల్లుతుంది. గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్ మూడూ ఆ మొక్కవే. కోసిన ఆకును గాలి సోకి ఎంతవరకు రంగు మారనిచ్చారన్నదాన్ని బట్టే వాటికి ఆ తేడా వచ్చింది. అందువల్ల గ్రీన్ టీని మూలికల టీగా లెక్కకట్టడం కూడా పొరపాటే.

‘టీ’ అనే మాట సంగతి వేరు. వేడినీటిలో ఆకో పువ్వో వేసి వడకట్టిన దేనికైనా అది వాడుకలో స్థిరపడింది, దాన్ని కాదనవలసిన పని లేదు. అయితే సమాసం దగ్గర చిక్కు వస్తున్నది. అల్లం టీ అంటే సాధారణంగా అల్లం కలిపిన టీ. పుదీనా టీ పెట్టెలో మాత్రం ఉత్త పుదీనాయే ఉండవచ్చు. ‘కలిపిన’, ‘చేసిన’ అనే మాటలు సమాసంలో లోపిస్తాయి కనుక, రాత్రిపూట కెఫీన్ వద్దనుకొని లెమన్ టీ కొన్నవారికి తేయాకే దొరకవచ్చు. పెట్టె మీద ‘నిమ్మ కలిపిన టీ’, ‘తేయాకు లేని పుదీనా టీ’ అని విప్పి రాస్తే నాలుగక్షరాలు పెరుగుతాయేమో గాని అర్థం చెడదు.

కషాయం అనడం శాస్త్రరీత్యా తప్పు కాదు. చరక సంహిత చెప్పిన అయిదు కషాయాలలో ఫాంటం ఒకటి. వేడినీటిలో మూలికను వేసి, మరిగించకుండా సారం తీస్తే ఫాంటం. టీ బ్యాగుతో మనం చేస్తున్నది అచ్చంగా ఇదే. కాని నేటి తెలుగులో కషాయమనగానే కాచి దించిన చేదుమందు గుర్తుకు వస్తుంది, ఫాంటమేమో వైద్యులకు తప్ప తెలియదు. హెర్బల్ టీకి ‘మూలికల టీ’ చాలు. ‘ఔషధ టీ’ అనకండి. రోగం కుదురుస్తుందనే హామీ ఆ మాటలోనే ఉంది.

మొక్కల పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కామొమైల్ చామంతి కుటుంబానిదే అయినా చామంతి కాదు, వేరే మొక్క. చైనాలో నిజంగా చామంతిపూలతోనే చేసే పానీయం ఒకటి ఉంది కనుక, రెంటికీ ఒకే పేరు పెడితే ఏది ఏదో తెలియదు. దీనిని కామొమైల్ అనే ఉంచాలి. హైబిస్కస్ టీలో సాధారణంగా వేసేది పూజకు కోసే మందారం కాదు. అది హైబిస్కస్ సబ్దరిఫా, అంటే మన గోంగూర జాతి మొక్క. పూరేకులు రాలిన తరువాత కాయను కప్పి ఉండే ఎర్రని, దళసరి రక్షకపత్రాలను ఎండబెట్టి వాడతారు. నీటికి ఆ ఎరుపూ పులుపూ వాటివల్లే వస్తాయి. ‘ఎర్రగోంగూర పూల టీ’ అంటే తెలుగువారికి ఆ పులుపు పేరులోనే తెలుస్తుంది. పెప్పర్‌మింట్ కూడా మన పుదీనాకు దగ్గరి చుట్టమే గాని పుదీనా కాదు.

ఇక ‘రుచిగల టీ’ అన్నప్పుడు తక్కినవి రుచిలేనివనే ధ్వని వస్తున్నది. పైగా ఫ్లేవర్‌లో నాలుకకు తెలిసేదానికన్నా ముక్కుకు తెలిసేదే ఎక్కువ. ఎర్ల్ గ్రే అనే రకం టీలో బ్లాక్ టీకి పట్టించేది బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్కనుండి తీసిన నూనె వాసనే. కనుక ‘పరిమళం చేర్చిన టీ’ అనడం సరిగా ఉంటుంది. టీ బ్యాగును మాత్రం అలాగే ఉంచండి, ‘టీ సంచి’ అంటే బియ్యం సంచి పరిమాణం తోస్తుంది.