ఆటోక్యాడ్‌లో 12 అడుగుల గదిని 14 అడుగులు చేస్తే గోడలు ఎందుకు లావవుతున్నాయి?

మీరు అడిగింది ఇదీ: 12 అడుగుల బెడ్‌రూమ్‌ని 14 అడుగులు చేయమని ఇంటివాళ్లు చెప్పారు, మీరు గదంతా సెలెక్ట్ చేసి స్కేల్ కమాండ్ ఇచ్చారు, గది పెరిగింది కానీ 9 అంగుళాల గోడ పదిన్నర అంగుళాలైంది, 3 అడుగుల తలుపు మూడున్నర అడుగులైంది, సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా సెట్టింగ్ తేడానా అని. సెట్టింగ్ తేడా ఏమీ లేదండీ, స్కేల్ చేసే పనే అది. 14ని 12తో భాగిస్తే దాదాపు 1.1667 వస్తుంది, మీరు పట్టుకున్న ప్రతి గీతా అన్ని రెట్లు అయింది, గోడ మందంతో సహా. వెడల్పుతో పాటు పొడవు కూడా పెరిగే ఉంటుంది, కొలిచి చూడండి.

మీకు కావాల్సింది స్ట్రెచ్, అంటే పట్టుకున్న వైపు మాత్రమే సాగదీసే కమాండ్. గుంటూరు అరండల్‌పేటలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పని చేస్తాను, ఇక్కడ ప్లాన్ మొదటిసారికే ఖరారు కావడం అరుదు, వాస్తు చూసే ఆయన వచ్చి నైరుతి గది పెద్దది చేయమంటారు, మర్నాడు ఇంటావిడ వంటగది అంత ఇరుకైతే ఎలా అంటారు, కాబట్టి రోజంతా నేను ఎక్కువగా వాడేది ఈ కమాండే.

ఎస్ కొట్టి ఎంటర్ నొక్కండి. ఇప్పుడు సెలెక్ట్ చేసే తీరే అసలు సంగతి: మౌస్‌ని కుడి నుంచి ఎడమకి లాగాలి, అప్పుడు ఆకుపచ్చ పెట్టె వస్తుంది. ఎడమ నుంచి కుడికి లాగితే నీలం పెట్టె వస్తుంది, దాంతో సాగదు. ఆకుపచ్చ పెట్టెలో పూర్తిగా పడిన వస్తువులు ఉన్నవి ఉన్నట్టు జరుగుతాయి, పెట్టె అంచు కోసుకుంటూ వెళ్లిన గీతలు మాత్రం సాగుతాయి, బయట ఉన్న కొస కదలదు. విడిగా క్లిక్ చేసి ఎంచుకున్న వస్తువైతే సాగకుండా మొత్తంగా జరిగిపోతుంది. సెలెక్ట్ అయ్యాక ఎంటర్, బేస్ పాయింట్ (ఎక్కడి నుంచి జరపాలో ఆ చుక్క) ఎక్కడైనా ఒక క్లిక్, ఎఫ్8తో ఆర్థో (నేరుగా అడ్డం, నిలువుగానే కదిలేలా చేసేది) ఆన్ చేసి మౌస్‌ని గోడ జరగాల్సిన వైపుకి తిప్పి, 2 పక్కన అడుగుల గుర్తు (') పెట్టి ఎంటర్. మీ డ్రాయింగ్ అడుగులు, అంగుళాల యూనిట్లలో ఉంటే ఇది సరిపోతుంది, అన్నీ అంగుళాల లెక్కలోనే గీసుకుంటే 24 అని కొట్టండి.

రెండు గదుల మధ్య గోడని ఇలా జరిపితే ఒక గది 12 నుంచి 14 అవుతుంది, పక్క గది అదే దెబ్బకి 2 అడుగులు తగ్గుతుంది, గోడ మందం మాత్రం 9 అంగుళాలే ఉంటుంది. ఇంటి బయటి కొలత మారదు కాబట్టి సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) గొడవ కూడా ఉండదు.

పెట్టె అంచు ఎక్కడ పడుతుందో మాత్రం కళ్లు పెట్టుకుని చూడండి. గోడ ఖాళీగా ఉన్న చోటే కోయాలి. కిటికీ మధ్యలోంచి వెళ్లిందంటే 4 అడుగుల కిటికీ 6 అడుగులు అవుతుంది, గది కొలత కరెక్ట్‌గానే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ వెంటనే పట్టుకోలేరు. తలుపు బ్లాక్‌గా (గీతలన్నీ కలిపి ఒకే వస్తువుగా చేసినది) ఉంటే సాగదు, దాని ఇన్సర్షన్ పాయింట్ (దాన్ని డ్రాయింగ్‌లో పెట్టిన చుక్క) పెట్టెలో ఉంటే జరుగుతుంది, లేకపోతే అక్కడే ఉండిపోతుంది. వృత్తాలూ అంతే, కేంద్రం లోపలుంటే కదులుతాయి. ఇంకొకటి, లాక్ చేసిన, ఫ్రీజ్ చేసిన లేయర్లు (గోడలు, ఎలక్ట్రికల్ లాంటివి విడివిడిగా గీసే పొరలు) స్ట్రెచ్‌కి అందవు, గోడ జరిగిపోయి ఎలక్ట్రికల్ పాయింట్లు గాల్లో మిగిలే కేసులు ఎక్కువగా ఇలా వచ్చేవే, అందుకే మొదలుపెట్టే ముందు లేయర్లన్నీ ఆన్ చేసి, థా చేసి (అంటే ఫ్రీజ్ తీసేసి), అన్‌లాక్ చేసుకోండి.

డైమెన్షన్ల గురించి, అంటే డ్రాయింగ్ మీద కొలత చూపే గీతలూ అంకెల గురించి, కొంచెం గట్టిగానే చెబుతాను. డైమెన్షన్ కొస కూడా ఆకుపచ్చ పెట్టెలో పడితే అంకె దానంతట అదే 14 అవుతుంది. అవ్వలేదంటే ఎవరో అంకెని చేత్తో టైప్ చేసి ఉంటారు, లేదా ఎక్స్‌ప్లోడ్ చేసి, అంటే విడగొట్టి మామూలు గీతలూ అక్షరాలుగా మార్చేసి ఉంటారు. ఈ అలవాటు మా వైపు ఎంత ఉందో చెప్పలేను. విజయవాడ నుంచి మా దగ్గరికి వచ్చిన ఒక ప్లాన్‌లో గది 11 అడుగులు గీసి పైన 12 అని టైప్ చేశారు, సైట్‌లో మేస్త్రి అంకె చూసి మార్కింగ్ ఇచ్చాడు, చివరి గోడ దగ్గరికి వచ్చేసరికి స్థలం చాల్లేదు. మేస్త్రి తప్పు అందులో ఏముంది, ఆయనకి కనిపించేది కాగితం మీద అంకే కదా. అనుమానం వస్తే ఆ డైమెన్షన్‌ని ఎంచుకుని ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ గడి చూడండి, అందులో ఏదైనా రాసి ఉంటే చెరిపేయండి, నిజమైన కొలత బయటికొస్తుంది.

చిన్న మార్పులకి కమాండ్ కూడా అక్కర్లేదు, గీత మీద క్లిక్ చేస్తే గ్రిప్స్ అనే చిన్న నీలం గళ్లు వస్తాయి, ఒకదాన్ని పట్టుకుంటే ఎర్రగా మారుతుంది, లాగి కొలత కొట్టడమే. షిఫ్ట్ నొక్కి పట్టుకుని ముందు రెండు మూడు గ్రిప్స్ ఎంచుకుని, షిఫ్ట్ వదిలి అందులో ఒకదాన్ని లాగితే అన్నీ కలిసి వస్తాయి. నాలుగు వైపులా నాలుగు కొలతలుండే వంకర స్థలాల హద్దు సరిచేయడానికి ఇదే హాయి.

మరి స్కేల్ ఎందుకూ అంటే, మొత్తం బొమ్మ సైజే తప్పుగా వచ్చినప్పుడు. మిల్లీమీటర్లలో వచ్చిన ఫైల్ అంగుళాల్లోకి తేవాలన్నా, దస్తావేజులోని స్కాన్ చేసిన ప్లాన్ మీద గీయాలన్నా అదే. స్కాన్‌కి స్కేల్‌లో ఆర్ కొట్టి రిఫరెన్స్ తీసుకోండి, తెలిసిన హద్దు రెండు కొసలూ క్లిక్ చేసి అసలు కొలత ఇవ్వండి. ఉన్నవాటిలో పొడవైన హద్దునే పట్టుకోండి, తర్వాత అడ్డం హద్దు కూడా కొలిచి చూడండి, జెరాక్స్‌లో కాగితం ఒకవైపు సాగి ఉండొచ్చు.

కాలమ్స్ డ్రాయింగ్ అప్పటికే ఇచ్చేసి ఉంటే మాత్రం గోడ జరిపే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని అడగండి, 2 అడుగులు జరిగాక ఆ గోడ కింద బీమ్ ఉండకపోవచ్చు.

ఇప్పుడున్న ఫైల్ సంగతి: ఇంకా మూయకపోతే అన్‌డూ చాలు. సేవ్ చేసి మూసేస్తే, అదే ఫోల్డర్‌లో పేరు చివర .bak అని ఉన్న ఫైల్‌ని కాపీ చేసి, ఆ చివరని .dwg (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైల్) గా మార్చి తెరవండి, చివరి సేవ్‌కి ముందుది దొరుకుతుంది. అదీ పనికిరాకపోతే అప్పుడు స్కేల్ చేసిన వస్తువులనే మళ్లీ ఎంచుకుని, అదే బేస్ పాయింట్ నుంచి, రిఫరెన్స్‌లో 14 అడుగులు, కొత్త పొడవు 12 అడుగులు ఇవ్వండి. 0.857 అని ఫ్యాక్టర్ కొట్టొద్దు, దశాంశాల దగ్గర కొంచెం తేడా మిగిలిపోతుంది, రిఫరెన్స్‌తో అయితే గోడ సరిగ్గా 9 అంగుళాలకే వస్తుంది.