రాత్రి కాపలాకి పంపితే దారిలో పడతాడా?

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుని రెండుసార్లు గ్రూప్స్ రాశాడు, రాలేదు. ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. తెల్లవారుజాము దాకా ఫోను చూస్తూ, మధ్యాహ్నం పన్నెండింటికి లేస్తాడు. పెళ్లిళ్లకు రాడు. చేపల పులుసంటే ప్రాణం పెట్టేవాడు, ఇప్పుడు అన్నం కెలికి లేచిపోతున్నాడు. ‘నేను మీకు బరువైపోయాను’ అంటున్నాడు. రాత్రి కాపలాకి రొయ్యల చెరువు మీదకి పంపితే దారిలో పడతాడని మావారి మాట. పంపమంటారా?
– ఒక తల్లి, అల్లవరం మండలం

జవాబు: కాపలా సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఆ ‘బరువు’ అన్న మాట పట్టించుకోవాలి. ఈ రోజే పక్కన కూర్చుని ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమన్నా సరే, పురుగు మందు, గడ్డి మందు ఇంట్లోంచి, షెడ్డులోంచి తీసేయండి. పారాక్వాట్ అనే గడ్డి మందుకి విరుగుడు లేదు.

బద్ధకస్తుడు ఇష్టమైన పనికైనా లేస్తాడు. ఇష్టమైన తిండి మీద కూడా మనసు పోయి, నిద్ర చెడి, ఇది రెండు వారాలు దాటితే డిప్రెషనేమో చూపించుకోవాలి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా అడగండి, అవి ఉన్నా నీరసం ఇలాగే ఉంటుంది. మందులు రాస్తే గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే ‘పనిచెయ్యలేదు’ అని మానేయడం, తేలికపడగానే ఆపేయడం, ఎక్కువమంది దెబ్బతినేది ఈ రెండు చోట్లే. బాగయ్యాక కూడా ఆరు నెలలకు తగ్గకుండా వాడమంటారు. ఆపడమైనా డాక్టరు చెప్పినట్టు మెల్లగానే.

ఇక రాత్రి కాపలాకి వద్దు. తలకిందులైన నిద్ర అలాగే స్థిరపడుతుంది, పైగా ఒంటరితనం, పక్కనే నీళ్లు. పొద్దున మేత వేళకి నాన్నగారితో వెళ్లనివ్వండి. చెక్ ట్రేల్లో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి చెరువులో దించే పళ్లేలు) మేత ఎంత మిగిలిందో చూసి పుస్తకంలో రాసే పని అతనిదే అనండి. చిన్న పనే, కానీ పొద్దుటి ఎండ తగులుతుంది, రాసిన లెక్క ఎవరికో అవసరమవుతుంది.

పన్నెండింటికి లేచేవాణ్ణి రేపే ఆరింటికి లేపితే నిలబడదు. మూడు నాలుగు రోజులకోసారి అరగంట ముందుగా లేపుతూ రండి. పడుకునే వేళ కన్నా లేచే వేళ మీదే పట్టుబట్టండి, మధ్యాహ్నం కునుకు మాన్పించండి. ఫోను లాక్కోకండి, ఛార్జరు హాల్లో పెడదామని ఒప్పించండి.

ఉద్యోగం మాట వారానికి ఒక్కసారే, అతను ఒప్పుకున్న రోజున ఎత్తండి. ‘ఏం చేస్తున్నావు?’ అని చుట్టాలు అడిగితే అతని బదులు వాళ్ల నాన్నగారు జవాబు చెప్పాలి.

డాక్టరు దగ్గరికి రానంటే 14416కి ముందు మీరే ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. అతన్ని ఎలా ఒప్పించాలో కూడా అడగొచ్చు.