ఆపరేషన్ కుదరదన్నారు, ఇమ్యూనోథెరపీ కోసం అరెకరం అమ్మమంటారా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గాజువాక. నాన్నకి 67 ఏళ్లు. ఓడల రిపేరు కాంట్రాక్టర్ల దగ్గర పాతికేళ్లు ఫిట్టరుగా చేశారు, ఇంజను గదుల్లో పైపులకు వేడి ఆపడానికి చుట్టిన లాగింగ్ ఊడదీసి కొత్తది చుట్టడం ఆయన పని. పోయినేడాది ఆయాసం మొదలైంది. కుడివైపు ఊపిరితిత్తికి నీరు పట్టిందని, టీబీ అయ్యుంటుందని ఒక ఆస్పత్రిలో ఐదు నెలలు మందులు వాడించారు. రెండుసార్లు నీరు తీస్తే రెండుసార్లూ మళ్లీ చేరింది. చివరికి గొట్టం వేసి ముక్క తీసి పరీక్షకి పంపితే మీసోథీలియోమా అని తేలింది, ఆపరేషన్ కుదరదన్నారు. ఇక్కడి డాక్టరు గారు కీమో మొదలుపెడదామంటున్నారు. డాలస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు మాత్రం అమెరికాలో కీమోతో పాటు కీట్రూడా కలిపి ఇస్తున్నారని, అది లేకుండా ఒప్పుకోవద్దని రోజూ ఫోన్ చేస్తున్నాడు. అనకాపల్లి దగ్గర మాకు అరెకరం ఉంది, అమ్మెయ్యమంటారా? ఇంకో సంగతి, చుట్టల వల్లే తెచ్చుకున్నాడని చుట్టాలంతా నాన్నని అంటున్నారు. ఆయన పని బట్టలు అన్నేళ్లూ అమ్మే ఉతికింది, అమ్మకి కూడా వస్తుందా?

– ఒక కూతురు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, పొలం సంగతికి వస్తాను, ముందు చుట్టల సంగతి తేల్చేద్దాం. మీసోథీలియోమా పొగాకు వల్ల వచ్చే జబ్బు కాదు. ఊపిరితిత్తిని చుట్టి ఉండే పలచటి పొరలో పుట్టే కేన్సర్ ఇది, దీనికి ప్రధాన కారణం ఆస్‌బెస్టాస్, మన పాతవాళ్లు రాతినార అనేవాళ్లే, అది. పాత ఓడల్లో పైపుల లాగింగ్ నిండా అదే ఉండేది. పీల్చిన నార 20 నుంచి 50 ఏళ్లు లోపలే ఉండిపోయి, మనిషి రిటైరై మనవళ్లని ఎత్తుకునే వయసులో బయటపడుతుంది. మీ నాన్నగారు దీన్ని తెచ్చుకోలేదు, పని చేసినందుకు వచ్చింది. ఈ మాట చుట్టాలకి గట్టిగానే చెప్పండి. టీబీ అనుకోవడం మన దేశంలో తరచూ జరిగేదే, ఊపిరితిత్తికి నీరు అనగానే అందరి బుర్రా ముందు అటే పోతుంది. ఐదు నెలలు పోయాయని మీకు కోపం ఉంటుంది, తప్పులేదు. కానీ ఇప్పుడు చూడాల్సింది బయాప్సీ రిపోర్టు.

ఆ రిపోర్టులో ఒక పదం వెతకండి, మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది. కణాల ఆకారాన్ని బట్టి ఈ జబ్బులో రకాలున్నాయి. ఎపిథీలియాయిడ్ అని ఉందా, సార్కొమటాయిడ్ అని ఉందా, రెండూ కలిసిన బైఫేసిక్ అని ఉందా? మీ ఉత్తరంలో అన్నీ రాశారు గానీ ఇది లేదు. డాలస్ అన్నయ్య కూడా అడిగి ఉండడు. ఏ రకమో రాయకపోతే పెథాలజీ వాళ్లనే మళ్లీ అడగండి, అవసరమైతే ఆ స్లైడ్లు, బ్లాకులు తీసుకెళ్లి ఇంకోచోట చూపించండి. మీకు దగ్గర్లోనే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది కదా.

మీ అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. 2024 సెప్టెంబరులో అక్కడ మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ, ఆపరేషన్ కుదరని ప్లూరల్ (ఊపిరితిత్తి పొరలో వచ్చే) మీసోథీలియోమాకి మొదటి చికిత్సగా పెంబ్రోలిజుమాబ్‌ని, అంటే మీ అన్నయ్య చెప్పిన కీట్రూడా అనే ఇమ్యూనోథెరపీ మందుని (ఒంట్లోని రోగనిరోధక శక్తిని కేన్సర్ మీదకి ఉసిగొల్పే మందు), పెమెట్రెక్సెడ్, ప్లాటినం కీమోతో కలిపి ఇవ్వడానికి ఒప్పుకుంది. దానికి ఆధారం కెనడా, ఇటలీ, ఫ్రాన్స్‌లలో 440 మంది మీద చేసిన పరిశోధన. సగం మందికి కీమో ఒక్కటే, సగం మందికి కీమోతో పాటు పెంబ్రో. ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే ఈ అంకెల్లో మీ అన్నయ్యకి ఒకటి కనిపిస్తుంది, మీ డాక్టరు గారికి ఇంకొకటి కనిపిస్తుంది, ఇద్దరూ కరెక్టే. ఆయుష్షు మధ్యస్థం, అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ, సగం మంది తక్కువ బతికిన కాలం చూస్తే కీమో వాళ్లకి 16.1 నెలలు, కలిపి ఇచ్చినవాళ్లకి 17.3 నెలలు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మూడేళ్ల తర్వాత ఎంతమంది బతికి ఉన్నారని చూస్తే కీమోతో నూటికి 17 మంది, కలిపితే 25 మంది. అంటే ఈ మందు అందరికీ తలా కాస్త సాయం చెయ్యదు, కొద్దిమందికి చాలా చేస్తుంది, ఎక్కువమందికి పెద్దగా ఏమీ చెయ్యదు. ఆ కొద్దిమందిలో మీ నాన్నగారు ఉంటారో లేదో ముందే చెప్పే పరీక్ష ఏదీ లేదు. గడ్డ ముక్కలో పీడీఎల్1 అనే ప్రోటీన్ ఎంతుందో చూసే టెస్టు చేయిస్తే తెలుస్తుందని ఎవరైనా అంటే, ఈ జబ్బులో దాని మీద నిర్ణయం తీసుకోలేం. ఇంకో లాభం ఉంది, గడ్డ తగ్గడం. కలిపి ఇచ్చినవాళ్లలో నూటికి 62 మందికి తగ్గింది, కీమో ఒక్కటే అయితే 38 మందికి. ఆయాసంతో కూర్చుని నిద్రపోయే మనిషికి అది చిన్న సంగతి కాదు.

అసలు కీమో లేకుండా రెండు ఇమ్యూనోథెరపీ మందులే కలిపి ఇచ్చే పద్ధతి ఇంకొకటి ఉంది, నివోలుమాబ్, ఇపిలిముమాబ్. అది 2020లోనే వచ్చింది. మొత్తం మీద కీమోతో 14.1 నెలలు ఉన్నది దీనితో 18.1 అయింది, కానీ అసలు తేడా ఎపిథీలియాయిడ్ కానివాళ్లలోనే, కీమోతో 8.8 నెలలు ఉన్నది దీనితో 18.1 అయింది. ఆ రకానికి కీమో సరిగా పనిచెయ్యదు. ఆ ఒక్క పదం చూడమన్నది అందుకే.

ఇప్పుడు పొలం. రిపోర్టులో ఎపిథీలియాయిడ్ అని ఉంటే నేనైతే ఇవాళ అమ్మమనను. కీమో మొదలుపెట్టండి, ఆలస్యం చెయ్యొద్దు. మొదట్లోనే కలిపి ఇవ్వగలిగితే మంచిదే, కాదనను, కానీ ఇప్పుడు ఇవ్వలేకపోతే తలుపు మూసుకుపోదు. కీమో అయ్యాక జబ్బు మళ్లీ పెరిగినవాళ్లకి నివోలుమాబ్ ఒక్కటే ఇచ్చి బ్రిటన్‌లో చూశారు, ఉత్తి సెలైన్‌తో 6.9 నెలలు ఉన్నవాళ్లు దానితో 10.2 నెలలు ఉన్నారు. సార్కొమటాయిడ్, బైఫేసిక్ అయితే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు ఇమ్యూనోథెరపీ గురించి మొదటిరోజే గట్టిగా మాట్లాడాలి, డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో కూడా అప్పుడే చూసుకోవాలి. రేటు అడిగేటప్పుడు ఒక ఇంజెక్షన్ ఎంత అని అడగొద్దు. కీట్రూడా అయితే మూడు వారాలకోసారి రెండేళ్లదాకా, అంటే 35 డోసుల వరకు, ఆ మొత్తం ఎంతో అడగండి. మధ్యలో జబ్బు పెరిగితే ఆపేస్తారు కాబట్టి చాలామంది అంతదాకా వెళ్లరు, అది వేరే. కంపెనీ పేషెంట్ స్కీము ఏదైనా ఉందా, వైద్య సేవ కార్డు మీద కీమో వరకైనా వస్తుందా, ఇవి కౌంటర్లో అడిగి రాయించుకోండి, నోటిమాట వినొద్దు. తక్కువ డోసు నివోలుమాబ్‌తో సరిపెట్టొచ్చని కూడా ఎవరో ఒకరు చెప్తారు. టాటా మెమోరియల్ వాళ్లు 20 మిల్లీగ్రాములతో మంచి ఫలితం చూపించిన మాట నిజమే, కానీ అది నోరు, గొంతు కేన్సర్లలో. మీసోథీలియోమాకి దాన్ని ఇక్కడికి లాక్కొచ్చి వాడడానికి అలాంటి ఆధారం లేదు.

ఆపరేషన్ కుదరదన్నారని కుమిలిపోకండి. బ్రిటన్‌లో 335 మందితో చేసిన పెద్ద పరిశోధన 2024లో వచ్చింది. కీమోతో పాటు పొర ఒలిచే పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 19.3 నెలలు ఉంటే, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లు 24.8 నెలలు ఉన్నారు. ఆశ్చర్యంగా లేదూ?

కీమో ఉన్న ఏ దారిన వెళ్లినా పెమెట్రెక్సెడ్ ఇస్తారు కాబట్టి ఒకటి మర్చిపోవద్దు. మొదటి కీమోకి వారం ముందే ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజూ మొదలుపెట్టాలి, బీ12 ఇంజెక్షన్ ఒకటి వేయించాలి, అది తొమ్మిది వారాలకోసారి. చూడ్డానికి బలం మాత్రల్లా ఉంటాయని చాలామంది ఆపేస్తారు. ఆపితే రక్తకణాలు పడిపోయి, నోరు పూసి ఆస్పత్రి పాలవుతారు. ఒళ్లునొప్పులకి మందులషాపులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొనొద్దు, కిడ్నీల మీద భారం. ఆకుమందులు కూడా వద్దు, రేపు లివర్ దెబ్బతింటే అది మందు వల్లో పసరు వల్లో తేల్చుకోలేక మేం జుట్టు పీక్కోవాలి.

పెంబ్రో కూడా ఇస్తే టెన్షన్ వేరే రకం. ఆ మందు కేన్సర్ మీదకి ఉసిగొల్పిన రోగనిరోధక శక్తి ఒక్కోసారి సొంత ఒంటి మీదే తిరగబడుతుంది. పేగులు, ఊపిరితిత్తులు, లివర్, థైరాయిడ్, అరుదుగా గుండె. కీమో విరేచనాలు అనుకుని లోపెరమైడ్ వేసుకుని నాలుగు రోజులు చూద్దాం అనుకోవడమే అసలు ప్రమాదం. దానికి స్టెరాయిడ్లు కావాలి, అదీ త్వరగా. కొత్తగా దగ్గు, ఆయాసం పెరగడం, నీరసంతో లేవలేకపోవడం, రోజుకి నాలుగైదుసార్లు విరేచనాలు, ఏది వచ్చినా అదే రోజు ఫోన్ చెయ్యండి, మందు ఆపేసి నెలలైనా సరే. కీళ్లవాతం, సోరియాసిస్ లాంటివి ఇదివరకు ఉంటే ముందే చెప్పండి, టీబీ మందులు వాడిన కాగితాలు కూడా చూపించండి. ఇంకా ముఖ్యం, ఆయన స్నానం, తిండి, నాలుగడుగుల నడక తనంతట తాను చేసుకుంటున్నారా? ఆ పరిశోధనల్లో చేర్చుకున్నది అలాంటివాళ్లనే. మంచం పట్టిన మనిషికి ఆ అంకెలు వర్తించవు.

నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే ప్రతిసారీ సూదితో తియ్యనక్కర్లేదు. టాల్కు పొడి వేసి పొరలు అతుక్కునేలా చెయ్యొచ్చు, లేదా ఇంట్లోనే తీసుకునేలా చిన్న గొట్టం అమర్చొచ్చు. కీమోకి ముందే ఈ మాట అడగండి, ఆయన రాత్రిపూట పడుకుని నిద్రపోతారు.

నష్టపరిహారం గురించి మీరు అడగలేదు, నేనే చెప్తున్నాను. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా, కార్మికుల పరిహారానికి మన చట్టంలో ఉన్న వృత్తి జబ్బుల జాబితాలో ఉంది. కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరిన రోజు నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు దాచాలని సుప్రీంకోర్టు 1995లోనే ఆస్‌బెస్టాస్ పరిశ్రమలకి చెప్పింది. కాంట్రాక్టరు చేతికింద పనికి కాగితం దొరకడం కష్టమే, ఒప్పుకుంటాను. పాత గేట్ పాసులు, జీతం చీటీలు, పీఎఫ్ నంబరు, కలిసి పనిచేసినవాళ్ల పేర్లు, ఏవి దొరికితే అవి ఇప్పుడే పోగు చెయ్యండి, ఆయనకి జ్ఞాపకం ఉన్నప్పుడే. ఏ ఏడాది ఏ ఓడలో ఏం పని చేశారో ఆయన నోట చెప్పించి రాసుకోండి.

అమ్మగారి విషయం. పని బట్టలు ఉతికిన ఆడవాళ్లకి ఈ జబ్బు వచ్చిన ఉదాహరణలు ఉన్నాయి, దాచను. కానీ ఎక్కువమందికి రాదు. ఏ ఇబ్బందీ లేకుండా ఏటా స్కానింగ్ తీయిస్తే ఉపయోగం ఉంటుందని ఎక్కడా తేలలేదు, ఆ డబ్బు దాచుకోండి. తగ్గని దగ్గో, ఒక వైపు ఛాతీ నొప్పో, ఆయాసమో వస్తే మాత్రం ఆయన పని గురించి డాక్టరుకి మొదటి మాటగా చెప్పమనండి, మళ్లీ టీబీ దగ్గర ఆగిపోకుండా. ఆ పాత పని బట్టలు ట్రంకు పెట్టెలో ఇంకా ఉంటే దులపకండి, నీళ్లతో తడిపి రెండు కవర్లలో మూటకట్టి, అందులో ఏముందో పారిశుధ్యం వాళ్లకి చెప్పి మరీ ఇవ్వండి.