పద్పరాడ్షా కొనబోతున్న సుధకు

చిరంజీవి సౌభాగ్యవతి సుధకు మామయ్య ఆశీస్సులు.

కొలంబో వెళ్తున్నావని, అక్కడ పద్పరాడ్షా కొనాలని ఉందని మీ అమ్మ చెప్పింది. గులాబీ, నారింజ రంగులు కలగలిసిన ఆ నీలం (సఫైర్) జాతి రత్నానికి శ్రీలంకే పుట్టినిల్లు. రత్నపురలోనో బేరువలలోనో కాగితం పొట్లం విప్పి రాయి చూపించగానే మనసు పారేసుకోకు.

దుకాణంలోని పసుపు దీపం కింద గులాబీ నీలం కూడా నారింజ ఛాయ పులుముకుంటుంది. రాయిని తెల్ల కాగితం మీద పెట్టి, నీడపట్టున పగటి వెలుతురులో చూడు. పైనుంచి చూసినప్పుడు రెండు రంగులూ కనిపించాలి. గోధుమ ఛాయ తగిలితే ఎంత పెద్ద రాయైనా వద్దు.

పది రెట్ల భూతద్దం దగ్గర ఉంచుకో. లోపల సన్నని పోగులు కోణాలుగా అల్లుకుని కనిపిస్తే సహజమైన రాయని ఆశ పెట్టుకోవచ్చు. రంగు చారలు గ్రామఫోను రికార్డు గీతల్లా వంపు తిరిగి, గుండ్రని గాలిబుడగలు కనిపిస్తే అది కొలిమిలో చేసిన రాయి. 1902లోనే వెర్నాయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆ పద్ధతిలో కెంపులు చేసి చూపించాడు. అదీ కెంపుకూ నీలానికీ మూలమైన కురువిందం (కొరండం) ఖనిజమే కాబట్టి గట్టిదనం చూసి తేడా పట్టలేవు. నీలాన్ని పాలలో వేస్తే పాలు నీలంగా మారతాయని మనవాళ్లు చెప్పే పరీక్ష అసలే నమ్మకు. నీలి గాజుముక్క వేసినా అలాగే కనిపిస్తుంది.

నాకు అన్నిటికన్నా భయం బెరీలియం అనే లోహంతో కాల్చిన రాళ్లంటేనే. 2000 తర్వాత థాయిలాండ్ కొలిముల నుంచి ఇవి బజారును ముంచెత్తాయి. విపరీతమైన వేడిలో బెరీలియం గులాబీ నీలంలోకి ఇంకి నారింజ రంగు తెస్తుంది. రాయి భూమిలో పుట్టిందే, రంగు మాత్రం కొలిమిది. దీన్ని భూతద్దం పట్టదు, మామూలు ప్రయోగశాలకు కూడా ఇది దొరకదు. మామూలుగా వేడిచేసిన రాయికి మార్కెట్టు ఉంది, ఆ మాట చెప్పి తగిన ధరకు అమ్మితే తప్పు లేదు. బెరీలియం రాయిని అసలు పద్పరాడ్షా ధరకు అమ్మడం మాత్రం పచ్చి మోసం.

ఇంకో చిక్కు. కొన్ని రాళ్లలో నారింజ ఛాయ నిలవదు, కొన్ని గంటలు వెలుతురు తగిలితే వెలిసిపోయి గులాబీ మిగులుతుంది. 2016లో మడగాస్కర్‌లోని బెమైంటీ దగ్గర దొరికిన రాళ్లలో ఇది బాగా బయటపడింది.

అందుకే స్విట్జర్లాండ్‌లోని ఎస్‌ఎస్‌ఈఎఫ్, గుబెలిన్, అమెరికా జీఐఏ వంటి రత్న పరీక్షా ప్రయోగశాల నివేదిక లేకుండా పెద్ద మొత్తం చెల్లించవద్దు. వేడిచేశారా, బెరీలియం ఉందా, రంగు నిలుస్తుందా అన్నవి అందులో చూడు. బరువును, మిల్లీమీటర్ల కొలతలను రాయితో నువ్వే సరిపోల్చుకో, మంచి కాగితాన్ని వేరే రాయికి అంటగట్టేవాళ్లున్నారు. నివేదిక సంఖ్యను ప్రయోగశాల వెబ్‌సైట్‌లో కూడా సరిచూడు. రాయిని దేశం దాటించాలంటే అక్కడి జాతీయ రత్నాభరణాల సంస్థ ద్వారానే పంపాలి, వ్యాపారి "జేబులో వేసుకెళ్లండి" అంటే అక్కడే బేరం మానుకో.

డబ్బు కట్టే ముందు నివేదిక ఫొటో నాకు పంపు. అర్ధరాత్రయినా చూసి చెబుతాను.

మీ మామయ్య